పరుగుల రాయుడి కాలు

ఉధ్నా, సూరత్
4 జూన్ 2020

సుభా,

మొన్న నువ్వు ఫోన్ చేస్తే ఎత్తి, నువ్వు చెప్పిందంతా విని, ఒక్క ముక్క మాట్లాడకుండా పెట్టేశాను. మామయ్యకు కోపమొచ్చిందనుకోకు. డిసెంబరులో పక్షవాతం వచ్చినప్పటి నుంచి నాలుక నోట్లో తడిగుడ్డలా పడి ఉంటోంది. "బాగున్నానమ్మా" అందామని నోరు తెరిస్తే ఏదో గొణుగుడు వస్తుంది. అవతలివాళ్ళు "ఆఁ? ఏంటీ?" అని రెండోసారి అడిగేసరికి చెప్పాలన్న ఆశే చచ్చిపోతుంది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడ్డాయి గానీ కుడిచేతిని దేవుడు వదిలేశాడు. రైలు గార్డుగా బతుకంతా రిపోర్టులు రాసిన చెయ్యి కదా, దానికి ఇంకా పని కావాలి. అందుకే ఈ ఉత్తరం.

ఫిజియో చేయించే అతను మార్చి నుంచి రావడం లేదు. అప్పటికి వేళ్ళు కొంచెం విచ్చుకుంటున్నాయి. ఇప్పుడు మళ్ళీ ముడుచుకున్నాయి. వెంకీ ఉండేది హజీరాలోనే అయినా ఉక్కు కంపెనీవాళ్ళు టౌన్‌షిప్పు గేటు దాటనివ్వడం లేదట. ఒకే ఊళ్ళో ఉన్న కొడుకును ఫోనులో చూస్తున్నాను. వాడు మాట్లాడతాడు, నేను తలూపుతాను.

వంట చేసిపెట్టే కొమురవ్వ కూడా వెళ్ళిపోయింది. వాళ్ళాయన లింగం పాండేసరలో రంగుల మిల్లులో పని చేసేవాడు. గుమ్మం బయటే నిలబడి, "మిల్లు బందైంది కాకా, సేఠ్ ఫోన్ ఎత్తుతలేడు. రైలు పెట్టిన్రట, ఊరికి పోతున్నం. నువ్వు జర పైలం" అంది. క్షేమంగా వెళ్ళమని చెబుదామనుకున్నాను. నోట్లోంచి మాట వచ్చేలోగా మెట్లు దిగిపోయింది.

ఇప్పుడు పక్క వింగ్‌లోని గుజరాతీ ఆవిడ టిఫిన్ డబ్బా తలుపు గొళ్ళేనికి తగిలించి, బెల్లు కొట్టి వెళ్ళిపోతుంది. నేను గోడ పట్టుకుని అక్కడిదాకా వెళ్ళేసరికి డబ్బా ఒక్కటే ఊగుతూ ఉంటుంది. మీ అత్తయ్య సీత ఉన్నప్పుడు ఈ ఇల్లు ఇరుకని పోట్లాడేది. ఇప్పుడు వచ్చి చూస్తే ఏమనేదో.

తీరిక ఉంటే రాయి. తీరిక లేకపోయినా రాయి.

మీ మామయ్య,
వీరరాఘవయ్య

*

నిజామాబాదు
16 జూన్ 2020

మామయ్యా,

మీ దస్తూరీ చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఫోన్ పెట్టేశారని రెండు రోజులు ఉడుక్కున్న మాట నిజమే. ఇక నుంచి ఫోన్ లేదు, ఉత్తరాలే.

నేను రోజు విడిచి రోజు బ్యాంకుకు వెళ్తున్నాను. కౌంటరుకు ప్లాస్టిక్ తెర కట్టారు. ఇంటికొచ్చి కాళ్ళకు కట్టుకునే ఇనుప కాలిపర్లు విప్పి, చంకకర్రలు గోడకు ఆనించి కూర్చుంటే మళ్ళీ లేవాల్సిన పనేమీ ఉండదు. అమ్మ కాజీపేటలో అన్నయ్య దగ్గర చిక్కుకుపోయింది. నా గదికి కూడా వచ్చిపోయేవాళ్ళు లేరు.

మీకొక సంగతి చెప్తాను, నవ్వకండి. హైదరాబాదులో ట్రైనింగప్పుడు ఉదయశ్రీ అనే స్నేహితురాలు నాకో ఆట నేర్పింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ అది. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరు ఆ కథలో ఒక్కో మనిషి అవుతారు. రెక్కల పాములు, మాట్లాడే రాళ్ళు, మంత్రాలు అన్నీ ఉంటాయి. "ఎదురుగా ఏరు పొంగుతోంది, ఏం చేస్తావు?" అని కథ చెప్పేవాళ్ళు అడుగుతారు. "ఈదుతాను" అంటే సరిపోదు, పాచిక వెయ్యాలి. పెద్ద అంకె వస్తే ఒడ్డు చేరతావు, చిన్నదొస్తే నీళ్ళు తాగుతావు. ప్రతి ఆదివారం ఆడేవాళ్ళం. ఇప్పుడు ఫోన్ తెర మీద ఆడుతున్నాం.

మనమిద్దరం ఉత్తరాలతో ఆడదాం. కథ నేను చెప్తాను. మీరు ఏడుకోనల రాజ్యంలో ఒక మనిషి అవ్వండి. ఎలాంటి మనిషో మీ ఇష్టం. పాచికలకు బదులు ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి డబ్బాలో వేసుకోండి. పోస్టు ఆలస్యమవుతుంది కాబట్టి ముందే మూడు చీటీలు తీసి అంకెలు రాసి పంపండి. మీరు ఏది రాస్తే అదే నమ్ముతాను.

సుభాషిణి

*

ఉధ్నా
30 జూన్ 2020

ఏడుకోనల రాణీ సుభాషిణికి జయము జయము!

నీ ఉత్తరం చదివి, ముసలాడితో పిల్లలాట ఆడిస్తోందని కాసేపు పక్కన పెట్టాను. మధ్యాహ్నానికి చీటీలు కత్తిరిస్తూ కూర్చున్నాను. ఒక చేత్తో కత్తిరించడం ఎంత పనో నీకు తెలియదు. కాగితం పళ్ళతో పట్టుకోవాలి.

నా మనిషి పేరు పరుగుల రాయుడు. పాతికేళ్ళవాడు. రాజుగారి వార్తలు మోసే వేగరి. గుర్రం ఎక్కడు, గుర్రమంటే చిన్నచూపు. తెల్లవారగానే చెప్పుల్లేకుండా బయలుదేరతాడు. మొదట కంకర, తర్వాత ఇసుక, తర్వాత మంచుకు తడిసిన గడ్డి అరికాళ్ళకు తగులుతుంటాయి. ఊపిరి అందని చోటు ఒకటి వస్తుంది చూడు, అది దాటాక ఒళ్ళు తేలికైపోయి కాళ్ళు వాటంతట అవే పోతాయి. రాయుడు ఆ సుఖం కోసమే పరుగెత్తుతాడు, జీతం కోసం కాదు. (మీ రాజ్యంలో పెన్షను ఉందా? కనుక్కుని చెప్పు.)

ఇది రాస్తున్నంతసేపు నా ఎడమకాలు ఎక్కడుందో నాకు గుర్తులేదు. ఇన్ని నెలల్లో అలా జరగడం ఇదే మొదలు.

తీసిన చీటీలు: పద్నాలుగు, తొమ్మిది, రెండు. రెండును పదకొండు చేద్దామని ఒక క్షణం అనిపించింది. చెయ్యలేదు.

రాయుడి తరఫున,
మామయ్య

*

నిజామాబాదు
11 జూలై 2020

మామయ్యా,

రాయుడంటే నాకు చాలా ఇష్టం కలిగింది. ఇక వినండి.

వానలు పడేలోగా ఏడో కోన చివరి కోటకు చేర్చమని రాజు ఒక లేఖ ఇచ్చాడు. మీ పద్నాలుగుతో రాయుడు ముళ్ళడవి దాటాడు. తొమ్మిదితో తోడేళ్ళను తప్పించుకున్నాడు గానీ సంచీలో రొట్టె పోయింది. ఇక ఉట్టివంతెన. అది దాటి అవతలి బండ మీద కాలు పెట్టగానే ఆ కొండరాయి కళ్ళు తెరిచి, "ఎవడ్రా నా వీపు మీద నడిచేది?" అని దులుపుకుంది. మీకు రెండు వచ్చింది కదా! రాయి దొర్లి రాయుడి ఎడమకాలి మీద పడింది.

దెబ్బ తగలడం వరకే చీటీ పని. ఆ తర్వాతిది నా నిర్ణయం. ఈ కాలు మానదు. రాయుడు వంతెన కర్రొకటి విరిచి, దాన్ని ఊతం చేసుకుని లేచాడు. ఇక మీదట కర్రతో నడుస్తాడు. అయినా వేగరిగానే ఉంటాడు!

ఎందుకిలా చేశానో చెప్తాను. ఆదివారాల ఆటలో నా మనిషి ఉత్పల అనే వైద్యురాలు. చంకకర్రలతోనే మంచుకొండలెక్కుతుంది. మొదట్లో ఒకరన్నారు, "మంత్రాలతో చచ్చినవాళ్ళను లేపుతున్నాం కదా, నీ కాళ్ళు బాగుచేసుకోవచ్చుగా?" అని. నేను ఒప్పుకోలేదు. కథల్లో కుంటివాళ్ళు చివర్లో బాగైపోతారు, లేదంటే దుర్మార్గులుగా ఉంటారు. నాలాంటి మనిషి నాలాగే ఉండి కథ నడపడం ఆ బల్ల దగ్గరే చూశాను. ఆ సంతోషం మీకూ ఇవ్వాలనిపించింది. మీరూ ఇప్పుడు మా జట్టే కదా!

రాయుడు వంతెన అవతలి ఒడ్డున కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఏం చేస్తాడు?

సుభా

*

ఉధ్నా
25 జూలై 2020

సుభాషిణికి,

నిన్న నాలుగు కాళ్ళ చేతికర్ర ఒకటి డబ్బాలో వచ్చింది. పంపినవాళ్ళ పేరు లేదు. ఇవాళ నీ ఉత్తరం వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకున్నాక సంగతి బోధపడింది. నువ్వూ వెంకీ కూడబలుక్కున్నారు. ముసలాడు కర్ర పట్టనంటున్నాడు, ఆట పేరు చెప్పి పట్టిద్దామనుకున్నారు. పసివాళ్ళకు బెల్లంలో పెట్టి మందు మింగించినట్టు.

ప్రపంచంలో ఒకే ఒక్క చోట నేను పరుగెత్తుతున్నాను. అక్కడికి కూడా వచ్చి కాలు విరగ్గొట్టావు. నన్నొక్క మాట అడిగావా?

నేను ఏ జట్టులోనూ చేరలేదు. నా కాలు బాగవుతుంది. డాక్టరు కూడా ఏడాది చూడాలన్నాడు. కర్ర పట్టుకున్న రోజున ఇక బాగవదని ఒప్పుకున్నట్టే.

రాయుడు ఏం చేస్తాడని అడిగావు. ఏమీ చెయ్యడు. అక్కడే నిలబడతాడు.

వీరరాఘవయ్య

*

నిజామాబాదు
6 ఆగస్టు 2020

మామయ్యకు,

నాకు కర్ర సంగతి తెలియదు. నేను పంపలేదు. వెంకీతో మాట్లాడి నెల దాటింది. నమ్మితే నమ్మండి.

అడగకుండా చేశానన్నారు, సరే. కానీ మీ ఉత్తరంలో నన్ను కుదిపేసిన మాట అది కాదు. "ఏ జట్టులోనూ చేరలేదు" అన్నారు. నా జట్టులో చేరడం అంత అవమానమా? రాయుడికి చేతికర్ర వస్తే మీ కథే ఆగిపోయింది. మరి నేను ఇన్నేళ్ళుగా ఎక్కడ నిలబడి ఉన్నట్టు?

నాకు నడక రాకముందే పోలియో వచ్చింది. పరుగెత్తిన గుర్తు నాకు లేదు, కలలో కూడా చంకకర్రలతోనే నడుస్తాను. మామయ్యా, మీకు కాలు పోయింది. నాకు పోలేదు. నాకున్న కాలు ఇదే.

ఒంట్లో జాగ్రత్త.

సుభాషిణి

*

ఉధ్నా
2 అక్టోబరు 2020

సుభా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. కలం మూతపెట్టి లేచాను. ఇవాళ పూర్తి చేస్తాను.

ముందు కర్ర సంగతి. వెంకీని అడిగాను. "నేనే ఆన్‌లైన్లో తెప్పించా నాన్నా, చెబితే వద్దంటావని చెప్పలేదు" అన్నాడు. నిన్ను అనరాని మాటలన్నాను. మనసులో పెట్టుకోకు.

మొన్న ఏం జరిగిందో వెంకీకి కూడా చెప్పలేదు, నీకు చెప్తున్నాను. టిఫిన్ ఇచ్చే ఆవిడ ఊరెళ్ళింది. పాలు, బ్రెడ్డు తెచ్చుకుందామని మాస్కు కట్టుకుని వీధి చివరి దాకా ఒక్కణ్ణే బయలుదేరాను. గోడలున్నంత దూరం గోడ పట్టుకున్నాను. రోడ్డు దాటేచోట పట్టుకోవడానికేమీ లేదు. ఎడమకాలు ఈడ్చుకుంటూ, అటూ ఇటూ తూలుతూ పోతున్నాను. చౌరస్తాలో పోలీసు ఆపాడు.

"కాకా, పీధుఁ ఛే?" అన్నాడు. తాగావా అని. ఇది మద్యం నిషేధం ఉన్న రాష్ట్రం, తాగినవాణ్ణి లోపల పడేస్తారు. లేదు నాయనా, పక్షవాతం అని చెప్పబోయాను. మాస్కు లోంచి ముద్దముద్దగా ఏదో వచ్చింది. అతను నవ్వి పక్కవాడితో, "దేఖ్, సుబహ్ సుబహ్ ఫుల్ హై" అన్నాడు, పొద్దున్నే నిండా తాగానని. కూరగాయల బండి దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. నా నోరు ఎడమవైపు జారిపోయి ఉంటుంది, అది చూస్తే తెలుస్తుంది కదా అని మాస్కు కిందికి లాగి చూపించాను. అందరూ ఒక్కసారి వెనక్కి గెంతారు. "మాస్క్ ఊపర్! ఊపర్!" అని అరిచాడు. చివరికి నన్ను వదిలేశాడు గానీ మాస్కు తీసినందుకు జరిమానా రాసిచ్చాడు.

పాలు కొనకుండానే తిరిగొచ్చాను.

మిల్లులు తెరిచారు, నిన్న కొమురవ్వ వాళ్ళు తిరిగొచ్చారు. దానికి కాగితం మీద రాసి చూపిస్తే వాళ్ళాయనతో చదివించుకుంది. నా మీద జాలి పడుతుందనుకున్నాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని, "కర్ర ఇంట్ల పెట్టి, గిట్ల ఊగుకుంట పోతే తాగినోడనక ఏమంటరు కాకా? కర్ర పట్టుకుంటే పానం బాగలేదని గుడ్డోనికి గూడ ఎరుకైతది" అని తిట్టింది. తిట్టి, చారు పెట్టింది.

కర్ర ఇంకా డబ్బాలోనే ఉంది. దాన్ని చూస్తే నీ మాట గుర్తొస్తుంది. నీకున్న కాలు అదే అన్నావు. నాకు అరవై ఏళ్ళు వేరే కాలు ఉండేది సుభా. దాని మీద బెంగ పెట్టుకుంటే నిన్ను తక్కువ చేసినట్టవుతుందని నాకు తట్టలేదు. బెంగ మాత్రం పోలేదు. అది కూడా నిజమే.

రాయుడు ఇంకా వంతెన దగ్గరే ఉన్నాడా?

మామయ్య

*

నిజామాబాదు
15 అక్టోబరు 2020

మామయ్యా,

మీ ఉత్తరం బ్యాంకులో తెరిచాను. చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి చదవలేక మడిచి పెట్టేశాను. మిగతాది ఇంటికొచ్చి చదివాను. ఆ పోలీసు మీద కోపంతో కంచంలో అన్నం అలాగే ఎండిపోయింది.

నేను కూడా చెప్పాల్సింది ఒకటి ఉంది. సెప్టెంబరులో నా పుట్టినరోజు ఆదివారం వచ్చింది. ఆ రోజు కథ చెప్పేది ఉదయశ్రీ. ఉత్పల ఒక వెండి ఏటి దగ్గరికి వచ్చింది. ఉదయశ్రీ గొంతు మార్చి, "ఈ నీళ్ళలో మునిగి లేచేసరికి ఉత్పల కాళ్ళు నిండుగా, బలంగా మారాయి. చంకకర్రలు ఒడ్డునే వదిలేసి పరుగెత్తుతోంది. హ్యాపీ బర్త్‌డే సుభా!" అంది. తెర మీద గళ్ళల్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

నేను థాంక్స్ చెప్పాను. నెట్ సరిగ్గా లేదని చెప్పి కెమెరా ఆపేశాను. ఒడ్డున పడి ఉన్న చంకకర్రల మీదే మనసు ఉండిపోయింది. ఉత్పల చెక్కుకున్న కర్రలవి. పిడి దగ్గర మూలికలు దాచుకునే అర కూడా ఉంది. నాలుగేళ్ళుగా ఆమెను నేను పెంచాను. వాళ్ళు ప్రేమతో ఒక్క నిమిషంలో ఆమెను తీసేసి వేరే ఎవరినో నిలబెట్టారు.

అప్పుడు మీ రాయుడు గుర్తొచ్చాడు. నేను మీకు చేసిందీ ఇదే. నేనూ ప్రేమతోనే చేశాను, నేనూ అడగలేదు. ఈ మాట రాయడానికి మీ ఉత్తరం వచ్చేదాకా ఆగాను చూడండి, మీకంటే నాకేం పొగరు తక్కువ కాదు.

రాయుడి కాలు మీది. రాయి పడలేదనుకుందామన్నా, పడి మానిందనుకుందామన్నా సరే. లేదా అలాగే ఉంచమన్నా సరే. ఎలా కావాలో చెప్పండి.

సుభా

*

ఉధ్నా
1 నవంబరు 2020

సుభా తల్లీ,

రాయుడి కాలు బాగుచెయ్యి.

దీనికి చీటీ తియ్యను. నోరు తెరిచి అడుగుతున్నాను. రాయి పడింది, నొప్పి పుట్టింది, కొన్నాళ్ళు వంతెన దగ్గర ఉండిపోయాడు, మానింది. మళ్ళీ పరుగెత్తుతాడు. వాడికి కర్ర వద్దు.

కర్ర నేను తీసుకున్నాను. నిన్న డబ్బా విప్పాను. నాలుగు రబ్బరు కాళ్ళు, మేకపిల్లలా ఉంది. కొమురవ్వ వెనకాల నడుస్తుండగా పాల దుకాణం దాకా వెళ్ళొచ్చాను. జనం దారి ఇచ్చారు. ఇస్తూ ఒక చూపు కూడా చూశారు. ఆ చూపుతో నువ్వు ఎలా వేగుతున్నావో ఎప్పుడైనా చెప్పు. పక్షవాతం వచ్చి ఏడాది కావస్తోంది. డాక్టరు చెప్పిన ఏడాది ఇదేనని నాకు తెలుసు.

నీ ఉత్పల సంగతి. చప్పట్లు కొట్టినవాళ్ళు మంచివాళ్ళే కాబట్టి చెప్పడం కష్టం. అయినా చెప్పు. నాతో దెబ్బలాడావుగా, వాళ్ళతోనూ దెబ్బలాడు. ఆ చంకకర్రలు తెచ్చుకో.

మామయ్య

*

నిజామాబాదు
10 జనవరి 2021

మామయ్యా,

చెప్పాను. ఉదయశ్రీ ముఖం చిన్నబోయింది. "నువ్వు సంతోషిస్తావనుకున్నానే. మంత్రాలున్న లోకంలో కూడా కుంటిగా ఉండాలని ఎవరు కోరుకుంటారు?" అంది. "కొండలెక్కింది ఉత్పల. ఆ కాళ్ళతో, ఆ కర్రలతో ఎక్కింది. వాటిని తీసేస్తే ఎక్కిందెవరు?" అన్నాను. చివరికి ఒప్పుకున్నారు. ఉత్పల ఏటి ఒడ్డుకు తిరిగొచ్చి తన కర్రలు తీసుకుంది. ఆ క్షణం మీరు ఉండాల్సింది.

కానీ ఆ తర్వాత ఆట మునుపటిలా లేదు. నా వంతు రాగానే అందరి గొంతులు మెత్తబడతాయి. నా మీద రాక్షసులు కూడా ఆచితూచి దాడి చేస్తున్నారు. కిందటి ఆదివారం పిలుపు లింకు నాకు రాలేదు. మరిచిపోయామన్నారు. మరిచిపోయారేమో కూడా. ఆదివారం సాయంత్రాలు ఇప్పుడు బట్టలు మడత పెట్టుకుంటున్నాను.

అందుకే ఉత్పలను మన కథలోకి తెచ్చుకుంటున్నాను, మీకు అభ్యంతరం లేకపోతే. ఆమెకూ ఆ కోటలోనే పని. రాయుడికి ఒక రోజు దారి వెనక ఉంది. రాయుడి కాలు మానింది, ఎదురుగా చదునైన బీడు. పరుగెత్తించండి.

సుభా

*

ఉధ్నా
8 ఫిబ్రవరి 2021

ఉత్పలకు, సుభాషిణికి,

చీటీ తీశాను. పందొమ్మిది! ఒట్టు.

రాయుడు పరుగెత్తాడు సుభా. బీడంతా ఒక్క ఊపిరిలో దాటాడు. నేను కుర్చీలో కూర్చుని ఆయాసపడ్డాను. కోట దగ్గరికి వాడే ముందు చేరాడు. తలుపులు మూసి ఉన్నాయి. నేను గెలిచానని చెబుదామని పక్కకు తిరిగి చూస్తే ఎవరూ లేరు. బురుజు మీద కాకి కూడా లేదు.

నువ్వు అడక్కుండానే ఒక పని చేశాను. రాయుడు వెనక్కి తిరిగి ఉత్పలకు ఎదురు నడిచాడు. వాడికి నడవడం సరిగ్గా రాదు, ఎప్పుడూ పరుగే కదా. ఆమె కనిపించింది. ఇప్పుడు ఆమెకు ముందు నడవాలా, వెనకా, పక్కనా? వాడికి తెలియడం లేదు. ఆమెను అడిగి రాయి.

మామయ్య

*

నిజామాబాదు
30 మే 2021

మామయ్యా,

ఇన్నాళ్ళు రాయనందుకు కంగారు పడి ఉంటారు. ఏప్రిల్లో నాకు కరోనా వచ్చింది. గదిలోనే పడి ఉన్నాను, ఇంటి యజమానులు కిటికీలోంచి గంజి అందించారు. మా కౌంటరులో నా పక్కన కూర్చునే ఆయన పోయారు. ఆయన కుర్చీ ఇంకా తియ్యలేదు.

జ్వరంలో మీ ఉత్తరం చాలాసార్లు చదువుకున్నాను. ఉత్పల చెప్పిన జవాబు: పక్కన. రాళ్ళున్న చోట మాత్రం వెనక. చెయ్యి పట్టుకోవద్దు, పట్టుకోమంటే తప్ప.

ఎక్కువ రాయలేను. మీరు కులాసాయేనా? ఒక్క గీత గీసి పంపినా చాలు.

సుభా

*

ఉధ్నా
2 నవంబరు 2021

సుభా,

మీ ఊరి నుంచి క్షేమంగా చేరాను. వెంకీ స్టేషనుకు వచ్చాడు. ఇప్పుడు కంపెనీవాళ్ళు వారానికొకసారి వదులుతున్నారు వాణ్ణి. పోయిన ఆదివారం డుమస్ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఇసుకలో నా కర్ర నాలుగు కాళ్ళూ దిగబడి, ఇద్దరం కలిసి పీకాల్సి వచ్చింది. రోడ్డు పక్క బండి దగ్గర కూర్చుని టమాటా బజ్జీలు తిన్నాం. వాడు ఏదో చెప్పాడు, నేను ఏదో చెప్పాను. సగం అర్థమయ్యాయి.

నీ ఇంట్లో ఉన్న ఆ నాలుగు రోజుల గురించి ఒక మాట. నా మాట అర్థం కానప్పుడు నువ్వు అర్థమైనట్టు తలూపలేదు. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అన్నావు. నేను మళ్ళీ చెప్పాను. రెండేళ్ళలో నేను అంత మాట్లాడింది లేదు. బల్లకు అటూ ఇటూ కూర్చుని రాయుడినీ ఉత్పలనూ కోట లోపలికి పంపించాం. ఇంటికొచ్చి తాళం తీస్తే, గదిలో నిశ్శబ్దం మునుపటికంటే ఎక్కువగా వినపడింది. మాట్లాడి వచ్చినందువల్ల కాబోలు.

అసలు సంగతి రైలులో జరిగింది. భుసావల్‌లో బండి మారి వికలాంగుల పెట్టె ఎక్కాను. గార్డు పెట్టె, అదీ ఒకే బోగీలో ఉంటాయి, మధ్యన రేకు గోడ. ఉద్యోగమంతా అటువైపు కూర్చున్నాను. ఇటువైపు ఎక్కడం నాకు ఇదే మొదలు. లోపల నలుగురైదుగురు ఉన్నారు. నా కర్ర చూసి ఒకతను జరిగి, "రా కాకా, కూసో. తెలుగోళ్ళేనా?" అన్నాడు. పేరు సోమలింగం, నలభై దాటి ఉంటాయి. పాండేసరలో ఏదో మిల్లు మెషీన్లో కుడిచేతి వేళ్ళు పోయాయట. ఇప్పుడు అక్కడే గేటు కాపలా. ఇంటివాళ్ళంతా ఊళ్ళోనే, ఇతనొక్కడే ఇక్కడ.

ఏం తోచక మన ఆట సంగతి చెప్పాను. నా మాట పట్టుకోవడానికి అతనికి జలగాఁవ్ దాకా పట్టింది. పట్టుకున్నాక వదల్లేదు. "నేను గూడ ఆడొచ్చా?" అన్నాడు. ఎలాంటి మనిషి కావాలన్నాను. "పడవ నడిపేటోడు. పెద్ద పడవ. నాది నాకే, సేఠ్ ఉండొద్దు" అన్నాడు. అప్పుడు నేను అడిగాను, "చెయ్యి ఎట్లా ఉండాలి?" అని.

అతను ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. "మంత్రం ఉన్నదంటివి గద కాకా. పెట్టియ్యొచ్చా వేళ్ళు?"

"పెట్టమంటే పెడతాను. వద్దంటే వద్దు."

"గిది నన్ను ఎవ్వలు అడగలే" అన్నాడు. మిల్లులో గానీ, ఆస్పత్రిలో గానీ, ఇంట్లో గానీ, వేళ్ళ గురించి ఏం కావాలని ఎవరూ అడగలేదట. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పత్తి చేలు వెళ్ళిపోతున్నాయి. నందుర్‌బార్ వచ్చి, వెళ్ళింది. అప్పుడు ఇటు తిరిగాడు.

"చెయ్యి గిట్లనే ఉండనియ్ కాకా. పడవ నడుపుడు నేర్సుకుంట. గని ఆ రాజ్యంల నన్ను జూసి ఎవ్వలు 'అయ్యో' అనొద్దు. గంతే."

సరేనన్నాను. మాట ఇచ్చాను. కానీ ఎంత ఆలోచించినా, అలాంటి రాజ్యంలో కొత్త మనిషి పడవ దిగి వస్తుంటే ఒడ్డున ఉన్నవాళ్ళు మొట్టమొదట ఏమంటారో నాకు తట్టడం లేదు. ఆ ఒక్క మాట నువ్వు రాసి పంపు.

తొందరగా పంపు. సోమలింగం ఈ నెలాఖరు ఆదివారం మా ఇంటికి వస్తానన్నాడు.

మామయ్య